తరుగు

ఎనుమాముల యార్డుల పదహారేండ్ల సంది
కాంటా రాస్తున్న.
బస్తా ఎక్కుతది, ముల్లు ఊగుతది,
అంకె రాస్త, పక్కన తరుగు రాస్త.
బస్తాకు కిలో. తడి ఉంటే రెండు.
రైతు మొఖం దిక్కు జూడకని
మొదటి రోజే సేటు చెప్పిండు.

నెలకు ఆరువందలు మాత్రం
మంగపేట అవతల ఒక గూడేనికి పోతయి.
పిల్ల పేరు ఈసం ముత్తక్క. ఐదో తరగతి.
తల్లి లేదు. తండ్రి గోదారి దాటి పోయి
అక్కడనే ఇంకో పొయ్యి పెట్టుకున్నడు.
ముసలమ్మ ఉన్నది. ఒక్క కన్నే కనబడుతది.

ఎందుకిస్తున్నవని నా భార్య అడిగింది.
ఎనిమిదిల నా చదువు
ఇరవై రూపాయల ఫీజు కాడ ఆగింది.
అది చెప్తే పెద్ద మాటయితదని
బీడీలు మానేసిన పైసలే అన్న.
మానలేదు. తగ్గించిన.

మూడు నెలలకోపారి ఉత్తరం వస్తది.
"గౌరవనీయులైన దాత గారికి నమస్కరించి వ్రాయునది."
అది సారు మాట.
"నేను ఇచ్చట క్షేమము."
అదీ సారు మాటే.
అక్షరాలన్నీ గీత మీద నిలబడి ఉంటయి
ప్రార్థనల పిల్లల లెక్క.
సంతకం దాటినంక, కాయితం మూలకు,
పెన్సిలుతోని
ఆ పిల్లది ఒక్క మాట ఉంటది.
ఒకపారి: మా మేక ఈనింది. రెండు.
ఇంకోపారి: నీకు పండ్లు ఉన్నయా?
ఉన్నయి, మూడు ఊడినయి అని జవాబు రాసిన.

ఈ మార్చి ఆఖర్ల ఉత్తరంతోని
హాజరు కాయితం గూడ వచ్చింది.
జనవరి పదహారు రోజులు.
ఫిబ్రవరి తొమ్మిది.
మార్చి మూడు.
అంకెలు చదువుడు నాకొచ్చిన పని,
మొఖం దిక్కు జూడకుంట చదువుడు.
ఆరువందలకు మూడు రోజులేనా అని
కోపమొచ్చింది, అబద్ధమెందుకు.

మూలకు పెన్సిలుతోని:
చేతులు మంట. రాత్రి పలక పట్టరాదు.
మా తేజ కాయలు మీ ఊరికే వస్తయంట. చూసినవా?

ఆ పొద్దు జెండా పాట అయిపోయింది.
షెడ్డంత ఎరుపు.
హమాలీలు తుమ్ముకుంట, మూతులకు తువ్వాలలు కట్టుకుంట
బస్తాలు మోస్తున్నరు.
మంగపేట లాటు నా ముందట్నే ఉన్నది,
నలభై మూడు బస్తాలు.
ఒకదాని మూతి విప్పి చెయ్యి పెట్టిన.
ప్రతి కాయకు తొడిమె ఉన్నది.
ఒక్కొక్కటి ఎవరో ఒకరు తుంపినయే.
చిన్న ఏళ్లయితే కొమ్మ విరగదని
మేస్త్రీలు పిల్లలను పిలుస్తరని
నాకు తెల్వదా?
పదహారేండ్ల సంది తెలుసు.
నా జీతం ఈ బస్తాలది.
ఆ ఆరువందలు గూడ ఈ బస్తాలయే.
ముల్లు ఊగుతనే ఉన్నది.
"రాయవేందన్నా?" అన్నడు హమాలీ.
రాసిన. తరుగు గూడ రాసిన.

ఆదివారం బస్సెక్కిన.
ములుగు, ఏటూరునాగారం, ఆడికెల్లి ఆటో.
సంచిల కొబ్బరినూనె సీస ఉన్నది.
అదొక్కటే తోచింది.

కల్లం కాడ ముసలమ్మ తాలు ఏరుతున్నది,
ఒక్క కంటితోని,
తెల్లబడ్డ కాయ ఒక్కటి తప్పిపోకుంట.
"నీ పైసలు బడికి సరిపోతున్నయి కొడుకా.
దాని కూలి రోజుకు మూడు వందలు.
ఈ రెండు నెలలు అది బళ్లె కూసుంటే
మాకు గంజి ఎవలు పోస్తరు?"
ఆమె తిట్టలేదు. అడిగిందంతే.
మూడు వందలను ఇరవై ఆరుతోని
నా తల అప్పటికే గుణించింది.
ఏడువేల ఎనిమిది వందలు. ఒక్క నెలకు.
లెక్క వచ్చినోడికి నోరు రాలేదు.

పిల్ల దండం పెట్టలే.
చేతులు ఎనుకకు దాచుకొని
నా మొఖం దిక్కే చూస్తున్నది.
ఏదో ఒకటి చెప్దామని నోరు తెరిచిన.
దగ్గరికొచ్చి, మునిగాళ్ల మీద లేచి,
నోట్లకు తొంగి చూసింది.

"మూడని రాసినవు," అన్నది.
"నాలుగు."

నిజమే. సంక్రాంతి దాటినంక ఇంకోటి ఊడింది.
రాయలేదు నేను.